ఎండలో ఉండే నీళ్ల క్యాన్ల వల్ల అండంలో క్రోమోజోమ్ లోపం రావచ్చా?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. ఈమధ్య మా చెల్లెలికి మూడో నెలలో గర్భం పోయింది. పరీక్షలో 16వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువగా ఉందని తేలింది. ఇలాంటివి చాలావరకు అండం తయారయ్యేటప్పుడే జరుగుతాయి, ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ చెప్పింది. అయినా అది తనను తానే నిందించుకుంటోంది. చూడలేకపోతున్నాను.

దీని గురించి చదువుతుంటే ఒక విషయం కనిపించింది. 1998లో అమెరికాలో ప్యాట్రీషియా హంట్ ల్యాబ్‌లో, ఏ మందూ ఇవ్వని చిట్టెలుకల అండాల్లో క్రోమోజోమ్‌లు ఉన్నట్టుండి వరుస తప్పాయి. ఒకటి రెండు శాతంగా ఉండేది 40 శాతానికి పెరిగింది. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ బోనుల్ని పొరపాటున నేల కడిగే ఘాటైన క్షారంతో కడిగారట. ప్లాస్టిక్ దెబ్బతిని, దాని తయారీలో వాడే బిస్‌ఫినాల్-ఎ అనే రసాయనం బయటికొచ్చింది. ఆడపిల్ల అండాలు తల్లి కడుపులో ఉన్నప్పుడే తయారవడం మొదలవుతాయి కాబట్టి నాకు ఇంకా టెన్షన్.

మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అందుకే ఏళ్లుగా 20 లీటర్ల క్యాన్లే తాగుతున్నాం. అవి గీతలు పడి మసకబారి ఉంటాయి, ఆటోలో మధ్యాహ్నం ఎండకు కాగుతాయి. ఎలుకల్లో జరిగిందంతా మనకూ జరుగుతుందని నేననుకోవడం లేదు. కానీ తెలిసినవాళ్లు చెప్పండి: క్యాన్ అడుగున 7 అంకె ఉంటే అది పాలీకార్బొనేటేనా? ఇంతమాత్రం వేడికి నీళ్లలోకి ఎంత దిగుతుంది? కర్నూలులోగానీ ఇక్కడగానీ ఇలాంటి పరీక్ష ఎవరు చేస్తారు? చెల్లెలు మళ్లీ గర్భం కోసం ప్రయత్నించేలోపు స్టీలు బిందెలకు మారిపోవడం మంచిదా?