మేనమామ పోలిక: ఈ మాటలో జన్యువుల వాటా ఎంత?

ప్రశ్న (పెదవాల్తేరు నుంచి):
మా చెల్లికి బాబు పుట్టాడు. బారసాలకి వచ్చినవాళ్లంతా "అచ్చం మేనమామ పోలికే, అదృష్టవంతుడు" అన్నారు. తాత పోలిక, నానమ్మ పోలిక అని కూడా అంటాం గానీ అదృష్టం మేనమామకే ఎందుకు ముడిపెట్టారు? జన్యువులపరంగా దీనికి ఆధారం ఉందా?

జవాబు:
అదృష్టం మాట పుట్టింటి అండని చూసి అన్నదే అనుకుంటాను. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తెచ్చేది మేనమామే కదండీ.

పోలిక సంగతి వేరు. మన దాదాపు ప్రతి కణంలోనూ 23 జతల క్రోమోజోములుంటాయి. జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. వాటిలోని డీఎన్ఏలో ఫలానా ప్రోటీన్ ఎలా తయారవ్వాలో చెప్పే భాగాలే జన్యువులు. మనిషికి ఇలాంటివి సుమారు 20,000. ముక్కుతీరు, ఎత్తు ఏ ఒక్క జన్యువు చేతిలోనూ లేవు, ఎన్నో కలిస్తే తేలేవి. మొత్తం జన్యువుల్లో మేనమామతోనైనా బాబాయితోనైనా మనకి కలిసేది సగటున నాలుగో వంతే.

కానీ 23వ జత దగ్గర మేనమామ మాట నిజమవుతుంది. ఆడా మగా తేల్చే జత అది: ఆడవాళ్లకి రెండూ ఎక్స్ క్రోమోజోములే, మగవాళ్లకి ఒక ఎక్స్, ఒక వై. మగపిల్లాడికి వై నాన్న ఇస్తాడు, ఎక్స్ అమ్మే ఇవ్వాలి. మేనమామకీ ఎక్స్ అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిందే. అందుకే ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోవడం, గాయమైతే రక్తం త్వరగా గడ్డకట్టని హిమోఫిలియా మేనమామకి ఉంటే మేనల్లుడికీ వచ్చే వీలుంది. మధ్యలో అమ్మకి ఏమీ కనిపించకపోవచ్చు. ఆమెకి ఒక ఎక్స్‌లో జన్యువు చెడినా రెండోది పని నడిపిస్తుంది. కొడుక్కి ఆ రెండోది లేదు. అలాంటి తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ సగం అవకాశం.

కాబట్టి "మా అన్నయ్యకి చిన్నప్పుడు దెబ్బ తగిలితే రక్తం ఓ పట్టాన ఆగేది కాదు" అని ఇంట్లో ఎవరైనా అంటే, బాబుకి ఏ ఆపరేషన్ చేయించే ముందైనా డాక్టరుతో ఆ ముక్క తప్పకుండా చెప్పండి.

ఇంకో సభ్యుడు:
భాషాపరంగా ఒక చిన్న మాట. 1909లో డెన్మార్క్ వృక్షశాస్త్రవేత్త యోహాన్‌సెన్ 'జీన్' అని పేరుపెట్టింది గ్రీకు ధాతువు నుంచి. మన జనని, జనకుడు, జన్మ పుట్టిన 'జన్' ధాతువుకి అది చుట్టమే. జన్యువు అన్న మాట తెలుగులో అంత సహజంగా కుదిరింది అందుకే.

గాజువాక నుంచి:
మరి మేనరికం? మా వైపు మేనమామకే పిల్లనిస్తారు.

జవాబు:
అక్కడే జాగ్రత్త కావాలి. రక్తంలో హిమోగ్లోబిన్ సరిగా తయారవ్వని తలసీమియా లాంటి జబ్బుల్లో అమ్మ ఇచ్చిన జన్యువూ నాన్న ఇచ్చిందీ రెండూ చెడితేనే జబ్బు గట్టిగా బయటపడుతుంది. ఏ జన్యువు తీసుకున్నా, ఒకే పూర్వీకుల జన్యువు ఇద్దరి దగ్గర్నుంచీ బిడ్డకి చేరే అవకాశం బావామరదళ్ల పెళ్లిలో 16లో 1, మేనమామ, మేనకోడళ్ల పెళ్లిలో 8లో 1. పెళ్లయిపోయినా ఫర్వాలేదు, పిల్లల్ని కనే ముందు ఇద్దరూ జన్యు సలహాదారుని కలిసి రక్తపరీక్ష చేయించుకోండి.