గురు గ్రంథ్ సాహిబ్‌లో మనకి తెలిసినట్టే కనిపించే మాటలు, వాటి అసలు అర్థాలు?

వేకువపాట:
అందరికీ నమస్తే. కొన్నాళ్లుగా సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ మొదట్లో వచ్చే ప్రార్థన జప్‌జీ సాహిబ్ వింటున్నా, తెలుగు లిపిలో రాసుకుని మరీ చదువుతున్నా, దాని అసలు లిపి గురుముఖి అక్షరాలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. దాని ఆరంభ వాక్యమైన మూల్ మంతర్ దగ్గరకొచ్చేసరికి సగం మాటలు మనవే కదా అనిపిస్తుంది, కర్తా, నిర్భౌ, నిర్వైర్, మూరతి, గుర్ ప్రసాది ఇలా. కానీ అక్కడే ఇరుక్కుపోతున్నా. అకాల్ అనగానే నాకు అకాల వర్షం, అకాల మరణం ఇవే తడతాయి, ఆ అర్థం కాదని తెలుస్తూనే ఉంది. సైభం అనేది ఏ మాటో అంతుపట్టలేదు. పురఖ్ అంటే పురుషుడేనా, అయితే ష పోయి ఖ ఎందుకొచ్చింది? ఇంకోపక్క హుకం, రజాయి, నదరి వింటే ఉర్దూలా ఉంటాయి. సంస్కృత నిఘంటువు పక్కన పెట్టుకుంటే సరిపోతుందా, లేక వేరే దారి ఉందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

పాతపదం:
మంచి ప్రశ్న అండి. సంస్కృత నిఘంటువు సగం దూరమే తీసుకెళ్తుంది, ఎందుకంటే ఈ మాటలు నేరుగా సంస్కృతం నుంచి కాకుండా ప్రాకృతాలు, అపభ్రంశాలు దాటుకుని జనం నోట నలిగి వచ్చాయి. సైభం అంటే స్వయంభూ, ఇంకేం కాదు. పురఖ్ పురుషుడే, ఉత్తరాదిలో ష ని ఖ లా పలికేవాళ్లు, భాష అక్కడ భాఖా అయింది కూడా అందుకే. అజూనీలో ఉన్నది యోని, అంటే ఏ గర్భంలోనూ పుట్టనివాడు. మొదట్లో య వస్తే జ అయిపోవడం మనకీ తెలిసిందే, యోగి జోగి అయ్యాడు, యామం జాము అయింది, యముడు జముడు అయ్యాడు, యౌవనం జవ్వనం అయింది. తద్భవాలు చదువుకున్న తెలుగువాళ్లకి ఇది నిజానికి సులువు.

అకాల్ విషయానికొస్తే అక్కడ కాలం అంటే వేళ కాదు, అన్నిటినీ మింగే కాలం, మృత్యువు. దానికి లొంగని రూపం అకాల్ మూరతి. మనం అకాలం అంటే వేళ కాని వేళ అని వాడతాం, అదే మాట, అర్థం మాత్రం వేరే వైపు వెళ్లింది. ప్రసాదం కూడా అంతే, మనకి గుళ్లో చేతిలో పెట్టేది ముందు గుర్తొస్తుంది, గుర్ ప్రసాది అంటే గురువు అనుగ్రహం వల్ల అని. వరం ప్రసాదించాడు అంటాం చూడండి, ఆ పాత అర్థం మన దగ్గర ఆ క్రియలో బతికే ఉంది.

సంగత్‌లో_నేనూ:
పాతపదం గారు సంస్కృతం వైపు చెప్పారు కాబట్టి నేను అరబిక్, పర్షియన్ వైపు చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. హుకం అరబిక్ మాటే, మనమూ హుకుం జారీ చేశాడు అంటాం, కానీ గురు నానక్ దాన్ని రాజుగారి ఆర్డర్ స్థాయిలో వదిలేయలేదు, సృష్టి మొత్తం ఏ క్రమంలో నడుస్తోందో దానికే ఆ పేరు పెట్టారు. జప్‌జీ మొదటి పౌడీలోనే, అంటే మొదటి చరణంలోనే, "హుకమి రజాఈ చలణా నానక లిఖిఆ నాలి" అని వస్తుంది. రజా అంటే అరబిక్‌లో ఇష్టం, సమ్మతి. మన రాజీ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే, కాకపోతే మన దగ్గర రాజీ పడటం అంటే కొంత వదులుకోవడం, గుర్బానీలో, అంటే గురువుల వాణిలో, రజా అంటే ఆయన ఇష్టాన్ని మనసారా ఒప్పుకోవడం.

నదరి అంటే నజర్, చూపు, అంటే కృపతో చూసే చూపు. జ అక్కడ ద అయింది, ఖాజీ కాదీ అయినట్టే. కాగజ్ కాగద్ అయింది, మన కాగితం కూడా ఆ మాటే. సిక్కుల ప్రార్థన అర్దాస్ పేరు పర్షియన్‌లో అర్జ్‌దాష్త్, మనం ఆఫీసులో పెట్టే అర్జీకి చుట్టమే. ఇంకా ఆశ్చర్యం కావాలంటే గ్రంథం 721వ అంగ్‌లో (పేజీలో) తిలంగ్ రాగంలో గురు నానక్ శబద్ (కీర్తన) చూడండి, "యక్ అరజ్ గుఫ్తమ్" అని మొదలై దాదాపు పర్షియన్‌లోనే నడుస్తూ దేవుణ్ని కర్తార్ అని పిలుస్తుంది. రెండు లోకాల మాటలు ఒకే వాక్యంలో ఇంత సహజంగా కూర్చోవడం చూస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

వేకువపాట:
ఇద్దరికీ చాలా థాంక్స్, అజూనీ వెనక యోని ఉందని ఊహించనే లేదు. ఇంకో డౌట్, జప్‌జీ చివర్లో ఆధ్యాత్మిక మెట్లు చెప్పేచోట కరమ్ ఖండ్ అని వస్తుంది కదా, అది మన కర్మేనా? ముందు నాలుగో పౌడీలో "కరమీ ఆవై కపడా నదరీ మోఖు దుఆరు" అని కూడా ఉంది.

పాతపదం:
ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, కరమ్ అని పలికే మాటలు రెండున్నాయి. ఒకటి మన కర్మ, ఇంకోటి అరబిక్ కరమ్, అంటే దయ, ఔదార్యం. మీరు రాసిన పాదంలో కర్మ అర్థమే బాగా నప్పుతుంది, కర్మ వల్ల ఈ దేహమనే వస్త్రం దొరుకుతుంది, మోక్షద్వారం మాత్రం ఆయన నదరి వల్లే, ఆ రెండిటినీ ఎదురెదురుగా పెట్టడమే అక్కడ అందం. కరమ్ ఖండ్ దగ్గర మాత్రం చాలామంది వ్యాఖ్యాతలు దయ అనే అర్థమే తీసుకుంటారు, కర్మ అనేవాళ్లూ ఉన్నారు. నా మటుకు దయే సరైనదనిపిస్తుంది, సాధన చేసే సరమ్ ఖండ్ దాటాక, ఆఖరిదైన సచ్ ఖండ్‌కి ముందు వచ్చే మెట్టు అది, అక్కడ మళ్లీ కర్మ అంటే నడక వెనక్కి పోయినట్టు ఉంటుంది. ఆ సరమ్ కూడా శ్రమా, సంస్కృత శర్మ అంటే ఆనందమా, పర్షియన్ శర్మ్ అంటే సిగ్గా అని మూడు రకాలుగా చెప్తారు.

లిపిప్రియ:
ఎవరూ చెప్పని ఒక విషయం, తెలుగు లిపిలో రాసుకునేటప్పుడు పదం చివరి చిన్న ఇ, ఉ లు వదిలేయకండి. ఇప్పుడు చదివేటప్పుడు అవి చాలావరకు పలకరు కాబట్టి విని రాసుకుంటే ఎగిరిపోతాయి, కానీ వ్యాకరణం అక్కడే ఉంది. గురు అంటే గురువు కర్తగా, గురి అంటే గురువు చేత. నానకు అంటే నానక్ కర్తగా, నానక అంటే ఓ నానకా అని పిలవడం. పైన హుకమి అన్నది హుకంలో అనే. ఈ పద్ధతిని ప్రొఫెసర్ సాహిబ్ సింగ్ గారు వివరంగా బయటపెట్టారు, ఆయన 10 సంపుటాల వ్యాఖ్యానం దర్పణ్ ఈ వ్యాకరణం ఆధారంగానే అర్థం చెప్తుంది. విడి పదాలకైతే భాయీ కాన్ సింగ్ నాభా 1930లో తెచ్చిన మహాన్ కోశ్ అనే నిఘంటువు ఉంది, అందులో ఒకే మాటకి సంస్కృతం నుంచి ఒక అర్థం, అరబిక్ నుంచి ఇంకో అర్థం పక్కపక్కనే ఇస్తారు, మీ కరమ్ లాంటి వాటికి అదే కావాలి. ఇంకోటి, పాత ప్రతుల్లో మాటల మధ్య ఖాళీ ఉండదు, లడీవార్ అంటారు, పదాలు విడగొట్టి అచ్చువేయడం తర్వాత వచ్చింది, అందుకే కొన్నిచోట్ల ఎక్కడ విరవాలన్న దాన్నిబట్టి కూడా అర్థం మారుతుంది. మీరు గురుముఖి మొదలుపెట్టారు కాబట్టి ముందు ఆ చిన్న ఇ, ఉ లకి వాడే సిహారీ, ఔంకడ్ గుర్తులు బాగా పట్టుకోండి, జప్‌జీని మూలం చూస్తూ ఇంకోసారి చదవండి, తేడా మీకే కనిపిస్తుంది.