బొబ్బిలి యుద్ధం సప్తవర్ష సంగ్రామంలో భాగమేనా?

ప్రశ్న (విజయనగరం నుంచి ఒక చరిత్ర విద్యార్థి):

బ్రిటన్, ఫ్రాన్సు 1756 మే, జూన్ నెలల్లో బాహాటంగా యుద్ధం ప్రకటించుకున్నాయి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. మన వైపు ఈ కథను రెండు రాచకుటుంబాల పంతంగానూ, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల దౌష్ట్యంగానూ చెప్పుకుంటామే తప్ప, ఆనాడు ఐరోపా, ఉత్తర అమెరికా ఖండాలను కుదిపేస్తున్న ఈ సప్తవర్ష సంగ్రామంతో కలిపి చూడము. అలా కలిపి చూడటం సమంజసమేనా? పెద్దలు వివరించగలరు.

సమాధానం 1 (శ్రీకాకుళం నుంచి):

బొబ్బిలి వరకు అయితే సమంజసం కాదనే నా అభిప్రాయం. 1753లో నిజాం సలాబత్ జంగ్ తన కొలువులోని ఫ్రెంచి సైన్యం జీతాల నిమిత్తం మన చికాకోలు (శ్రీకాకుళం) సహా నాలుగు సర్కారులను (పాలనా విభాగాలను) బుస్సీకి అప్పగించాడు. ఆ శిస్తు రాబట్టుకోవడానికే బుస్సీ ఇటు వచ్చాడు. విజయనగర రాజు విజయరామరాజు ఆయన పక్షాన చేరాడు. బొబ్బిలితో ఈ రాజుకు వాగుల నీటి విషయంలో సైతం తగాదాలు ఉండేవి. లండన్, పారిస్ నగరాలు సంధి చేసుకుని కూర్చున్నా ఈ కోట ముట్టడి జరిగి ఉండేది. 1749 నుంచి 1754 వరకు ఐరోపాలో ఈ రెండు దేశాల మధ్య శాంతి ఉండగానే కర్ణాటకంలో నవాబు పదవికి పోటీపడిన చందా సాహెబు, మహమ్మదాలీల పేరిట వాటి వర్తక కంపెనీలు పోరాడుకున్నాయి కదా.

సమాధానం 2 (బొబ్బిలి నుంచి):

పై మిత్రుల వాదన ముట్టడి రోజు దగ్గరే ఆగిపోయింది. అసలు ముడి ఆ తరువాతే పడింది. తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు హతుడయ్యాక గద్దెనెక్కిన ఆనందరాజు, బుస్సీ చేసిన ఏర్పాట్లతో తృప్తి పడలేదు. 1758లో ఫ్రెంచి ప్రధాన సేనాని లాలీ పిలుపుపై బుస్సీ దక్షిణానికి వెళ్లిపోగానే, ఆనందరాజు విశాఖపట్నాన్ని ఫ్రెంచివారి నుంచి పట్టుకుని ఆంగ్లేయుల సహాయం కోరాడు. మద్రాసులోని ఆంగ్ల కంపెనీవారు కాదన్నారు. కలకత్తాలో కంపెనీ మండలి సభ్యులు చాలామంది వద్దన్నా అక్కడి అధిపతి క్లైవు ఒప్పుకుని, సుమారు 500 మంది ఐరోపా సైనికులను, 2000 మంది సిపాయిలను కర్నల్ ఫోర్డు వెంట ఓడల్లో పంపాడు. ఆనందరాజు మీద జాలితో కాదు. మద్రాసుపై పడబోతున్న ఫ్రెంచి బలాన్ని చీల్చడానికి. ఒక జమీందారు అలకకు అవతలివారి యుద్ధావసరం తోడైంది.

1758 డిసెంబరులో పిఠాపురం సమీపాన చందుర్తి వద్ద ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సు సేన ఫోర్డు చేతిలో ఓడింది. అయితే ఈ పొత్తు ఎంత పలచనిదో చూడండి: ఇస్తానన్న సొమ్ము రాజు ఇవ్వక జాప్యం చేయడంతో, గెలిచిన ఫోర్డు వారాల తరబడి ముందుకు కదలలేకపోయాడు. తరువాత సలాబత్ జంగ్ సైన్యం వస్తోందని విని రాజు స్వదేశానికి బయలుదేరితే, దారిలో నిజాం అశ్వికదళం చేతికి చిక్కుతావని ఒప్పించి వెనక్కు రప్పించవలసి వచ్చింది. అయినా 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం ఆంగ్లేయుల వశమైంది. మరుసటి నెలలోనే, అంతవరకు ఫ్రెంచివారికి అండగా నిలిచిన సలాబత్ జంగ్ ఆంగ్లేయులతో ఒడంబడిక చేసుకున్నాడు! ఈ దెబ్బతో సర్కారుల రాబడి పోగొట్టుకున్న ఫ్రెంచివారు 1760లో వందవాసి వద్ద ఓడి, 1761లో పుదుచ్చేరినే అప్పగించారు.

సమాధానం 3 (ప్రశ్న అడిగినవారు):

ఇద్దరికీ కృతజ్ఞతలు. బొబ్బిలి ముట్టడి వేరు, దాని పర్యవసానం వేరు అని గ్రహించాను. చందుర్తి సప్తవర్ష సంగ్రామంలో భాగమేనని నిస్సంకోచంగా రాస్తాను. ఇక ఒక సందేహం మిగిలింది: 1794లో పద్మనాభం వద్ద అదే కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగర రాజు నేలకొరిగేంతగా ఈ స్నేహం ఎలా చెడింది? దానిని వేరే చర్చగా ప్రారంభిస్తాను.