ఆడి ఆర్8 వెనక అద్దం పగిలింది: అసలు గాజు వచ్చేదాకా ఆగాలా, పాలీకార్బనేట్ షీటు బిగించాలా?

తీరవాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నా దగ్గర 2011 మోడల్ ఆడి ఆర్8 కూపే, ఎనిమిది సిలిండర్లది, ఉన్నది. నాలుగేళ్ల క్రితం హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. గత ఆదివారం భీమిలిలో మా పెద్దమ్మ గారి పెరట్లో బండి నిలిపి భోజనానికి కూర్చున్నాము. నీడ ఎక్కడున్నదో చూసుకున్నానే గాని, ఆ నీడ ఏ చెట్టుదో తలెత్తి చూడలేదు. ఎండు కొబ్బరికాయ ఒకటి రాలి, ఇంజిను మూత మీది అద్దానికి నట్టనడుమ పడింది. చప్పుడు విని బయటికి వచ్చేసరికి అద్దం ఉండవలసిన చోట చట్రమొక్కటే మిగిలింది. గాజంతా శనగగింజలంత ముక్కలై ఇంజిను మీద పరుచుకున్నది. కాయ మాత్రం చెక్కుచెదరకుండా పైపుల సందులో కూర్చున్నది.

ఈ బండి సంగతి తెలియనివారి కోసం ఒక మాట. ఇంజిను సీట్ల వెనకే ఉంటుంది కనుక వెనక వైపు రెండు అద్దాలుంటాయి. క్యాబిన్‌కూ ఇంజినుకూ నడుమ నిలువుగా ఉండేది ఒకటి, ఇంజిను మూత మీద ఏటవాలుగా ఉండేది మరొకటి. పోయినది రెండోది, మొదటిది క్షేమంగానే ఉన్నది.

బండిని ఫ్లాట్‌బెడ్ మీద మధురవాడలోని ఇంటికి చేర్చి షెడ్డులో పెట్టాను. కంపెనీ సర్వీసు వారు అద్దం విదేశం నుంచి రావాలని, పది పన్నెండు వారాలు పడుతుందని చెప్పారు. తెలిసిన ఫ్యాబ్రికేటర్ ఒకాయన రెండు రోజుల్లో పాలీకార్బనేట్ (గట్టి పారదర్శక ప్లాస్టిక్) షీటు కోసి గమ్ముతో అంటించి ఇస్తానని, కావాలంటే నల్ల షీటే వేస్తానని అంటున్నారు. ఆర్8లోనే బరువు తగ్గించిన రకమైన ఆర్8 జీటీలో కంపెనీయే పాలీకార్బనేట్ వాడిందన్నది ఆయన వాదన. వానాకాలం ముంచుకొస్తున్నది. ఏమి చేయమంటారు? ఇన్సూరెన్సులో ఇది వస్తుందా?

ఆటోనగర్ అద్దాలు (జవాబు):

తీరవాసి గారికి నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా అద్దాల పని చేస్తున్నాను. ఆర్8 ఎన్నడూ నా చేతికి రాలేదు; మాకు వచ్చేవి బస్సులు, లారీలు, అప్పుడప్పుడు ఖరీదైన జర్మన్ కార్లు. అయినా గాజు గుణం ఏ బండిలోనైనా ఒకటే.

షీటు సంగతి తరువాత చూద్దాం. అన్నిటికంటే ముందు, ఇంజిను స్టార్టు చేయకండి. ఇది టెంపర్డ్ గాజు. 600 డిగ్రీలు దాటేలా వేడి చేసి, రెండు వైపులా గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొరలు బిగుసుకొని లోపలి పొరను లాగిపట్టి ఉంచుతాయి కనుక, ఒక్క చోట ఆ బిగువు తప్పితే పలకంతా ఒకేసారి రాలిపోతుంది. ఆ గింజలు ఇప్పుడు బెల్టు, పుల్లీల మధ్యలోనూ, వైరింగ్ కట్టల కిందా, అడుగున ఉండే ప్లాస్టిక్ ట్రేలోనూ ఉంటాయి. గాలి గొట్టంతో ఊదితే ఇంకా లోతుకు పోతాయి. సన్నని మూతి ఉన్న వాక్యూమ్‌తో పై నుంచి కిందికి వరుసగా లాగించి, ఆపైన అడుగు ట్రే విప్పించి దులిపించండి. మీరు పది నిమిషాల్లో అయిపోతుందనుకుంటారు. ఒక పూట పడుతుంది.

చట్రానికి అంటుకొని మూల ముక్క ఏదైనా మిగిలితే పారేయకండి. దాని మీద చిన్న అక్షరాల్లో ముద్ర ఉంటుంది. వలయంలో ‘E’ అనే ఇంగ్లిషు అక్షరం, దాని పక్కన ఆమోదించిన దేశం అంకె, 43ఆర్ అన్న యూరప్ గాజు ప్రమాణం కనిపిస్తాయి. కొత్త అద్దం మీదా అలాంటి ముద్ర ఉన్నదో లేదో పోల్చుకోవడానికి అది పనికివస్తుంది. టెంపర్ చేసిన గాజును ఆ తరువాత కోయలేము, రంధ్రం వేయలేము. కనుక వేరే బండి అద్దం తెచ్చి సైజుకు తగ్గిస్తానని ఎవరైనా అంటే ఆ మాట నమ్మవద్దు. మీ ఛాసిస్ నంబరు ఇచ్చి, దాని ప్రకారం వచ్చే పార్టు నంబరుతోనే ఆర్డరు పెట్టించండి. 2015లో వచ్చిన రెండో తరం ఆర్8 అద్దం మీ బండికి సరిపోదు.

ఇక బిగింపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిపోయాక కొన్ని వారాలు మాకు నిద్ర లేదు. ఊరంతా పగిలిన అద్దాలే. ఆ తొందరలో ఉప్పు దుమ్ము సరిగ్గా తుడవకుండా బిగించినవి మరుసటి వానకే కారుతూ తిరిగి వచ్చాయి, వాటిలో నేను బిగించినవీ ఉన్నాయి. అప్పటి నుంచి నేను గాజు కంటే చట్రం మీదే ఎక్కువ సమయం పెడుతున్నాను. పాత గమ్మును రేకు దాకా గీకకూడదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం వదిలి పైభాగాన్ని సమంగా కోసి, ఆ తాజా కోత మీదే కొత్త యురేథేన్ గమ్ము వేయాలి. నాజిల్ మూతికి వి ఆకారంలో గాటు పెడితే గమ్ము నిలువుగా, కొండ శిఖరంలా పడుతుంది. అద్దం నొక్కినప్పుడు రెండు వైపులకూ సమంగా పరుచుకుంటుంది. ట్యూబు మీద గడువు తేదీ మీరే చూడండి. ఈ గమ్ము గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. మన విశాఖ గాలిలో తేమకు కొదవ లేదు కనుక పైపొర త్వరగా కడుతుంది. అందువల్ల గమ్ము పెట్టాక ఫోను మాట్లాడే మేస్త్రీ మీకు వద్దు.

విశ్రాంత వెల్డరు (జవాబు):

నాది అద్దాల పని కాదు. పడవల అల్యూమినియం పనిలో ఉద్యోగ జీవితం గడిపాను కనుక, పై జవాబులో రాని ఒక విషయం చెప్పదలచాను. ఆర్8 శరీరం ఉక్కు కాదు, అల్యూమినియం. అల్యూమినియం తుప్పు పట్టదని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఎర్రగా పట్టదు, అంతే. పెయింటు గీసుకుపోయిన చోట ఉప్పుగాలి చేరితే, పెయింటు కింద తెల్లటి పొడి కట్టి పొక్కులుగా లేస్తుంది. గమ్ము పట్టుకొని ఉండేది ఆ పెయింటునే. పెయింటు లేస్తే గమ్ము ఎంత మంచిదైనా దానితో పాటే లేస్తుంది. పైగా ఇనుప రజను అల్యూమినియంలో గుచ్చుకొని తడి తగిలితే, ఆ రెండు లోహాల జంట చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది.

కనుక పాత గమ్ము కోసే ముందు చట్రం చుట్టూ మాస్కింగ్ టేపు రెండు వరుసలు వేయించండి. వేరే బండికి వాడిన ఇనుప బ్రష్షును దగ్గరికి రానీయకండి. బ్లేడు జారి ఒక్క గీత పడినా, దాన్ని శుభ్రం చేసి, అల్యూమినియానికి తగిన ప్రైమరు పూసి, అది ఆరిన తరువాతే గమ్ము వేయాలి. మీరు భీమిలి రోడ్డు మీద తిరిగే మనిషి. సముద్రం పక్కనే ఉన్నప్పుడు ఈ జాగ్రత్త అతి కాదు.

పాలసీ చదివేవాడు (జవాబు):

ఇన్సూరెన్సు విషయం. మీకున్నది థర్డ్ పార్టీ మాత్రమే అయితే ఏమీ రాదు. ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టం) కూడా ఉన్న సమగ్ర పాలసీ అయితే, చెట్టు నుంచి కాయ పడడం బయటి నుంచి జరిగిన ప్రమాదం కిందికి వస్తుంది. నష్టం అంచనా వేసే సర్వేయరు చూసేదాకా చట్రాన్ని ముట్టుకోకండి. గింజలు తీయక తప్పదు గనుక, తీసే ముందు ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆ కొబ్బరికాయ ఫోటో కూడా తీయండి, నవ్వులాటకు అనడం లేదు.

ఫ్యాబ్రికేటరు గారు చెప్పని సంగతి ఇక్కడ ఉన్నది. మన దేశంలో మోటారు పాలసీ తరుగు లెక్కలో గాజు భాగాలకు కోత లేదు; ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు 50 శాతం కోత ఉంటుంది. జీరో డిప్రిసియేషన్ (తరుగు కోత లేకుండా చేసే అదనపు రక్షణ) తీసుకోని పాలసీలో అద్దం అద్దంగానే వస్తే ధర మొత్తం లెక్కలోకి వస్తుంది, అదే పాలీకార్బనేట్ అంటే సగానికి పడిపోయే అవకాశం ఉన్నది. 1500 సీసీ దాటిన కార్లకు తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిములో మీరే భరించవలసినది, 2000 రూపాయలు. గమ్ము, ప్రైమరు వంటివి కన్స్యూమబుల్స్ కిందికి పోతాయి. వాటికి రైడరు (అదనపు రక్షణ) తీసుకోకపోతే మీ జేబు నుంచే. ఈ క్లెయిముతో మీ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. ఐదేళ్లు క్లెయిము లేకుండా 50 శాతం దాకా చేరి ఉంటే, ఆర్8 ప్రీమియం మీద అది చిన్న మొత్తం కాదు. అద్దం కొటేషన్, వచ్చే ఏడాది పెరిగే ప్రీమియం రెండూ కాగితం మీద రాసుకొని, ఆ తరువాతే క్లెయిము వేయాలో వద్దో నిర్ణయించండి.

నల్ల షీటు ఆలోచన మానుకోండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 100వ నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలి. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ముల మీద ఇచ్చిన తీర్పుకు ఆధారం కూడా ఈ నిబంధనే. ఇంజిను మూత అద్దం వెనక అద్దం కాదని సిరిపురం జంక్షన్‌లో ట్రాఫిక్ పోలీసుతో నిలబడి వాదించడం మీకూ ఇష్టం ఉండదు.

ప్లాస్టిక్ పక్షం (జవాబు):

అందరూ పాలీకార్బనేట్‌ను తీసిపారేస్తున్నారు కనుక దాని తరఫున రెండు మాటలు. ఫ్యాబ్రికేటరు చెప్పింది అబద్ధం కాదు. 2010లో ప్రకటించిన ఆర్8 జీటీ, 333 బండ్లు మాత్రమే చేసినది, దాదాపు 100 కిలోల బరువు తగ్గించుకున్నది. ఇంజిను మూత అద్దం, క్యాబిన్ వెనక అద్దం రెండూ అందులో పాలీకార్బనేట్‌వే. కొబ్బరికాయ దానిపై పడితే ఎగిరి పక్కన పడేది. అయితే అది కంపెనీ ఆ బండి కోసమే తయారుచేసిన ముక్క. బస్టాపు పైకప్పుకు వేసే షీటు వేరు.

షీటుకు రెండు బలహీనతలున్నాయి. మొదటిది, వేడికి సాగడం. మీటరు పొడవు పాలీకార్బనేట్ 50 డిగ్రీల వేడి పెరిగితే మూడు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. అంతే పొడవు గాజు అర మిల్లీమీటరు కూడా సాగదు, అల్యూమినియం ఒక మిల్లీమీటరు పైచిలుకు. కింద ఇంజిను, పైన మే నెల ఎండ ఉన్నప్పుడు, చుట్టూ గమ్ముతో బిగించిన షీటు సాగే చోటు దొరకక విల్లులా వంగుతుంది. రెండోది, గమ్ముకు నీడ లేకపోవడం. గాజు అంచున ఉండే నల్ల పట్టీ అలంకారం కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు గమ్మును తినకుండా కాపాడేది అదే. ఉత్త షీటుకు ఆ పట్టీ ఉండదు. ఇక పెట్రోలు చుక్క పడినా, అమోనియా కలిసిన క్లీనరు వాడినా సాలెగూడులాంటి పగుళ్లు వస్తాయి.

నా సలహా ఇది. షీటు తీసుకోండి, కానీ తాత్కాలిక మూతగానే. 4 మిల్లీమీటర్లది కోయించి, అంచులకు ఫోమ్ పట్టీ అతికించి, చట్రానికి ఒక్క రంధ్రమైనా వేయకుండా, గమ్ము అసలు వాడకుండా, టేపుతో ఆపండి. షెడ్డులో జల్లు పడకుండా ఉండడానికి అది చాలు. దానితో రుషికొండ దాకా షికారు వెళ్లాలని మాత్రం చూడకండి. గాలి ఒత్తిడికి ఆ షీటు ఎగిరి వెనక వచ్చే స్కూటరువాడి మీద పడుతుంది.

తీరవాసి:

అందరికీ కృతజ్ఞతలు. సర్వేయరు వచ్చి చూసి వెళ్లారు. బోనస్ లెక్క వేసుకున్నాను. అద్దం ఖరీదే ఎక్కువ తేలింది, క్లెయిము వేస్తున్నాను. షీటు పైపైన పెట్టించాను. ఫ్యాబ్రికేటరు గారు కొంచెం చిన్నబుచ్చుకున్నారు. ఆటోనగర్ వారికి ఒక ప్రశ్న: అద్దం వచ్చాక ఇక్కడే బిగించవచ్చా, బండిని వేరే ఊరు పంపాలా?

ఆటోనగర్ అద్దాలు:

చట్రం ఇంట్లోనే సిద్ధం చేయవచ్చు. కాని క్లెయిము బిల్లు ఎక్కడ అవుతుందో ఆ వర్క్‌షాపు వారితోనే బిగింపు చేయించుకోండి, రేపు నీరు కారితే ఒకరి మీద ఒకరు చెప్పుకోరు. పార్సిలు వచ్చినప్పుడు సంతకం పెట్టే ముందే పెట్టె విప్పించి, నాలుగు అంచులూ వేలితో తడిమి చూడండి. టెంపర్డ్ గాజుకు నడుమ బలం, అంచు బలహీనం. అంచున పెచ్చు లేచి ఉంటే తిప్పి పంపండి. బిగించిన రోజు తలుపులు దబాలున వేయకండి, రెండు రోజులు ప్రెషరు నీళ్లు కొట్టించకండి.

తీరవాసి (పదకొండు వారాల తరువాత):

మొదట వచ్చిన అద్దానికి కింది ఎడమ మూలన గోరంత పెచ్చు లేచి ఉన్నది. చూపుకు కనిపించలేదు, వేలికి తగిలింది. సంతకం పెట్టకుండా తిప్పి పంపాను. రెండోది మచ్చ లేకుండా వచ్చింది, ముద్ర కూడా పాత ముక్కతో సరిపోయింది. గత బుధవారం బిగించారు. పాత గమ్ము కోసేటప్పుడు పై అంచున బ్లేడు జారి ఒక గీత పడింది. విశ్రాంత వెల్డరు గారి మాట గుర్తుండి ప్రైమరు వేసేదాకా పక్కనే నిలబడ్డాను. శనివారం సాయంత్రం తోట పైపుతో పావుగంట నీళ్లు పోసి, లోపలి అంచు వెంట టిష్యూ కాగితం ఒత్తి చూశాను. కాగితం పొడిగానే వచ్చింది. మూడు సార్లు వాక్యూమ్ పట్టించిన తరువాత కూడా, నిన్న ఆయిలు మార్చడానికి అడుగు ట్రే విప్పితే మరో పిడికెడు గాజు రాలింది.