టీసీకి సంతకం పెట్టమంటున్నారు. సోమవారంలోగా ఏం చెయ్యాలి?

గోదారి పిల్ల:
అందరికీ నమస్కారమండి. మా బాబుకి తొమ్మిదేళ్లు. తణుకు దగ్గర ఒక ప్రైవేటు బళ్లో నాలుగో తరగతి. నోటితో ఏది అడిగినా చెబుతాడు. పన్నెండో ఎక్కం దాకా తడుముకోకుండా అప్పజెబుతాడు, వాన ఎలా పడుతుందో వాళ్ల తాతయ్యకి పది నిమిషాలు వివరిస్తాడు. పెన్సిలు పట్టుకుంటే మాత్రం వేరే పిల్లాడైపోతాడు. నిన్నటి హోంవర్కు పేజీ ఇప్పుడు నా ముందే ఉంది. ‘పుస్తకం’ని ‘పుసకం’ అని, ‘కిటికీ’ని ‘కటకి’ అని రాశాడు. ఒత్తులు ఎగిరిపోతాయి, గుడులు పడవు, ‘మ’ రాయాల్సిన చోట ‘వ’ రాస్తాడు. పేజీ నిండా ఎర్ర సిరా, కింద ‘కేర్‌లెస్’ అని మాట. ఆ పేజీకి వాడికి 40 నిమిషాలు పట్టిందండి, పక్కనే కూర్చున్నాను.

శుక్రవారం ఆఫీసుకి పిలిచి టైపు చేసిన కాగితం ఇచ్చారు. ‘వ్యక్తిగత కారణాల వల్ల మా అబ్బాయిని వేరే పాఠశాలలో చేర్పిస్తున్నాము, టీసీ ఇప్పించగలరు’ అని ఉంది. సోమవారం సంతకం పెట్టి ఇస్తే మిగిలిన టర్మ్ ఫీజు వెనక్కి ఇస్తారట. మా ఆయన, గొడవెందుకు, పెట్టేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఎవరికైనా ఇలా జరిగిందా?

లాయరమ్మ:
సంతకం పెట్టకమ్మా. మిగతావన్నీ తర్వాత.

వాళ్లే పంపించేయకుండా నీ చేత ఎందుకు రాయించుకుంటున్నారో ఆలోచించు. విద్యా హక్కు చట్టం, 2009లో 16వ సెక్షన్ ఉంది. బళ్లో చేరిన పిల్లల్ని ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా తీసేయకూడదు. 2019లో సవరించి ఐదు, ఎనిమిది తరగతుల పరీక్షలో తప్పిన పిల్లల్ని అదే తరగతిలో ఉంచొచ్చు అన్నారు గానీ, అప్పుడు కూడా బడి నుంచి తీసేయకూడదన్న మాట అలాగే ఉంచారు. ప్రైవేటు బడికీ ఇది వర్తిస్తుంది. అందుకే వాళ్లు తీసేశామని ఎక్కడా రాయరు, నువ్వే వెళ్లిపోతున్నట్టు రాయిస్తారు. ఆ కాగితం మీద నీ సంతకం పడితే తర్వాత ఏ అధికారి దగ్గరికి వెళ్లినా ముందు దాన్నే చూపిస్తారు.

ఒక్క మినహాయింపు. అది మైనారిటీ విద్యాసంస్థ అయితే 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రమతి తీర్పు ప్రకారం విద్యా హక్కు చట్టం దానికి వర్తించదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 మాత్రం అక్కడా ఉంటుంది. నీ బడి ఏ కోవలోదో ముందు కనుక్కో.

కరీంనగర్ నాన్న:
గట్ల సంతకం పెట్టిన తండ్రిని నేనే. మూడేండ్ల కింద. మా పాపకు ఆటిజం. రెండో తరగతిల ఉన్నప్పుడు ప్రిన్సిపాల్ మంచిగ కూసోబెట్టి, చాయ్ ఇచ్చి, ‘మీ పాప మంచికే చెప్తున్న సార్, టీసీ తీస్కపోన్రి’ అన్నడు. మాటకు మెత్తబడి పెట్టేసిన. తెల్లారి నుంచి పాప యూనిఫాం ఏసుకొని, షూ తొడుక్కొని గేటు కాడ నిలబడి ఆటో కోసం చూసేది. పదిహేను రోజులు అట్లనే నిలబడ్డది. రాదు బిడ్డా అని చెప్తే అర్థమయ్యేది కాదు.

తర్వాత విద్యాశాఖ ఆఫీసుకు పోయిన. ఆడున్న సార్ మంచోడే, ఫైలు తెప్పించి చూసిండు. నా సంతకం చూపెట్టి ‘మీరే తీస్కపోయిన్రు కదా’ అన్నడు. ఏం మాట్లాడాలె?

చెల్లె, రెండో బడి కాడ ఇంకో తప్పు చేయలే. ‘చేర్చుకోం’ అని నోటితో చెప్పిన్రు. నేను దరఖాస్తు రిజిస్టర్ పోస్టుల పంపిన, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు దాచిన. చేర్చుకోకపోతే కారణం రాసిచ్చున్రి అని అండ్ల అడిగిన. పది రోజులకు ఫోన్ చేసి రమ్మన్నరు. పాప ఇప్పుడు ఆ బళ్లనే ఉన్నది.

నాలుగో తరగతి టీచర్:
నేను ప్రైవేటు బళ్లోనే పని చేస్తాను, వేరే జిల్లాలో. ఈ మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నా సెక్షన్‌లో 44 మంది. 40 నిమిషాల పీరియడ్‌లో ఒక్కో బిడ్డ మీద నిమిషం కూడా రాదు. బీఈడీలో ఇలాంటి పిల్లల గురించి ఒక పేపరు చదివాను, ఒక్క బిడ్డనీ చూడకుండానే పట్టా చేతికొచ్చింది. ‘కేర్‌లెస్’ అని నేనూ రాశాను. అలా రాయించుకున్న అమ్మాయి తర్వాత నా పీరియడ్‌లో చెయ్యెత్తడం మానేసింది. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధే.

టీచర్ల మీద కోపం వద్దని చెప్పడానికి కాదు ఇది. స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ఇలాంటి పిల్లలకి నేర్పే ప్రత్యేక టీచరు, ఎవరని బడిని కాగితం మీద అడగండి. మేం అడిగితే యాజమాన్యం వినదు. తల్లిదండ్రులు రాస్తే మీటింగు పెడతారు, మా బళ్లో అలాగే జరిగింది.

లాయరమ్మ:
టీచరు గారు చెప్పింది చాలా విలువైన మాట. దానికి ఆధారం కూడా ఉంది. 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పది మంది పిల్లలకి ఒక స్పెషల్ టీచరు, ఆ పైన పదిహేను మందికి ఒకరు ఉండాలంది. రాష్ట్రాలు పోస్టులు ప్రకటించి నింపాలని 2025 మార్చిలో మళ్లీ ఆదేశించింది.

రిసోర్స్ టీచర్ (పశ్చిమ గోదావరి):
అమ్మా, నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో పని చేస్తాను. మీరు రాసిన తప్పులు రోజూ చూసేవే. ఒత్తు పడిపోవడం, గుడి మరచిపోవడం, చెప్పడానికీ రాయడానికీ ఇంత తేడా ఉండటం చూస్తే పరీక్ష చేయించాల్సిందేనని నాకు అనిపిస్తోంది. డిస్లెక్సియా (చదవడం, రాయడంలో వచ్చే అక్షరాల ఇబ్బంది) అని ఇక్కడినుంచి నేను తేల్చలేను, ఎవరూ తేల్చకూడదు కూడా. ముందు కళ్లు, చెవులు చూపించండి. ఆ రెండూ బాగున్నాకే మిగతా పరీక్షలు.

అక్షరాల ఇబ్బంది 1995 నాటి పాత దివ్యాంగుల చట్టంలో లేదు. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, అందులో ఇదీ చేరింది. ధ్రువపత్రం ఎనిమిదేళ్ల తర్వాతే ఇస్తారు కాబట్టి మీ బాబుకి వయసు సరిపోయింది. మళ్లీ 14 ఏళ్లప్పుడు, 18 ఏళ్లప్పుడు చూస్తారు. ఆ ధ్రువపత్రం కోసం పరీక్షించే సదరం శిబిరానికి స్లాట్ ముందుగా బుక్ చేసుకోవాలి. వెళ్లేటప్పుడు పాత నోట్సులు తీసుకెళ్లండి. తల్లులు మంచి నోటు ఏరి తెస్తారు. అది కాదమ్మా, ఎర్ర సిరా ఎక్కువ ఉన్న నోటే తేవాలి.

ఎస్ఆర్ (గుంటూరు):
ఇదంతా సరే, 40 శాతం వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ లేకపోతే ఏదీ రాదు. మా తమ్ముడి కొడుకుని అదే చెప్పి తిప్పి పంపారు. ఆశలు పెట్టుకోవద్దు.

లాయరమ్మ:
ఎస్ఆర్ గారూ, ఈ మాట చాలామంది పిల్లల్ని వెనక్కి పంపించింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

40 శాతం లెక్క కొన్నింటికే. ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషనుకి, ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకి ఉచిత విద్య చెప్పే దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షనుకి అది కావాలి. బళ్లో వివక్ష లేకుండా చేర్చుకోవడం, బిడ్డ అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయడం అదే చట్టం 16వ సెక్షన్‌లో ఉన్నాయి. అక్కడ శాతం మాటే లేదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసు తీర్పు చదవండి. రాస్తుంటే చెయ్యి బిగుసుకుపోయే జబ్బున్న అభ్యర్థి సివిల్స్ పరీక్షకి సహాయకుణ్ని అడిగితే, 40 శాతం లేదు కాబట్టి కుదరదన్నారు. ఆ శాతం పట్టుకుని సహాయకుణ్ని కాదనడం తప్పని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత 2022 ఆగస్టులో, 40 శాతం కంటే తక్కువ ఉండి రాయడం కష్టమైన వాళ్ల కోసం కేంద్రం వేరే మార్గదర్శకాలు ఇచ్చింది. గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం అందులో ఉంది.

లోపం కూడా చెప్పాలి. 16వ సెక్షన్‌లో ప్రభుత్వం ఇవన్నీ జరిగేలా ‘ప్రయత్నించాలి’ అని రాశారు. ఆ ఒక్క మాట పట్టుకుని బళ్లు తప్పించుకోవాలని చూస్తాయి. అలాంటప్పుడు రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు పెట్టండి. ఆ కార్యాలయానికి సాక్షుల్ని పిలిపించడం, కాగితాలు తెప్పించడం వంటి విషయాల్లో సివిల్ కోర్టు అధికారాలున్నాయి. వకీలు అక్కర్లేదు, తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు.

డాలస్‌లో అమ్మ:
మా చిన్నాడికి ఇక్కడ ఐఈపీ ఉంది. అది బడీ మేమూ కూర్చుని రాసుకునే ప్రణాళిక. టెక్సస్‌లో పరీక్ష చెయ్యమని తల్లిదండ్రులు రాసిస్తే బడి 15 బడి రోజుల్లో జవాబివ్వాలి. మేం ఒప్పుకుని సంతకం పెట్టాక 45 బడి రోజుల్లో రిపోర్టు రావాలి. ఇన్ని గడువులున్నా నేను మొదటి ఏడాదంతా టీచరుతో గేటు దగ్గర మాట్లాడుతూ గడిపేశాను. నోటితో అడిగితే గడువు మొదలే కాదని చివర్లో తెలిసింది. గోదారి పిల్ల గారూ, కాగితం మీద తేదీ మాత్రం మర్చిపోకండి.

ఉట్నూరు మాష్టారు:
ఇంకో కోణం చెప్తాను, కొంచెం పక్కకి పోయినా ఏమనుకోకండి. కొన్నేళ్ల కింద మా బళ్లో గోండు అమ్మాయి ఉండేది, రెండో తరగతి. మందబుద్ధి అని కాగితం రాబోయింది. బొమ్మలు చూపించి పేర్లు అడుగుతున్నారు. గ్లాసులో నీళ్ల బొమ్మ చూపిస్తే ఆ పిల్ల ‘ఏర్’ అన్నది. అడిగినాయన ‘ఏరు’ అని విని, గ్లాసు బొమ్మకి వాగు అంటుందేమిటని తప్పు వేసిండు. గోండిలో ఏర్ అంటే నీళ్లే. నేను ఆడ లేకపోతే ఆ పిల్ల జన్మంతా ఆ ముద్రతో ఉండేది. వీలైనంత వరకు మాతృభాషలోనే చదువు చెప్పాలని విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్‌లో ఉన్నది. కాబట్టి పరీక్ష ఏ భాషల చేస్తున్నరో కూడా అడగాలె. మీ బాబు ఇంగ్లిష్ మీడియం అయితే మీకు ఇది ఇంకా అవసరం.

గోదారి పిల్ల (మూడు వారాల తర్వాత):
ఆలస్యానికి క్షమించండి. సంతకం పెట్టలేదు. సోమవారం మా ఆయన, నేను కలిసి వెళ్లి మా కాగితమే ఇచ్చాం. గుమాస్తా ముద్ర వెయ్యనన్నాడు. అరగంట బల్ల మీద కూర్చున్నాం. చివరికి హెడ్మిస్ట్రెస్ బయటికొచ్చి చదివి, ఆవిడే ముద్ర వేసి తేదీ రాశారు. టీసీ మాట తర్వాత ఎవరూ ఎత్తలేదు. సోషల్, సైన్స్ యూనిట్ టెస్టులు నోటితో పెట్టడానికి ఒప్పుకున్నారు. తెలుగు, ఇంగ్లిషుల్లో ఏమీ మారలేదు, స్పెషల్ టీచరు ఇంకా లేరు. కళ్లు, చెవులు బాగానే ఉన్నాయి. సదరం స్లాట్ వచ్చే నెలలో. పరీక్ష తెలుగులోనే చెయ్యమని అడుగుతాను మాష్టారూ.

మొన్న సోషల్‌లో 20కి 18 వచ్చాయి. ఆటో దిగకుండానే అరిచి చెప్పాడు. వీధిలో అందరికీ వినిపించింది.

కరీంనగర్ నాన్న:
చాల సంతోషం చెల్లె. ఆ కాగితం ఈడ పెట్టు, మందికి పనికొస్తది.

గోదారి పిల్ల:
పెడుతున్నాను అన్నయ్యా. లాయరమ్మ గారు ఒక వాక్యం సరిచేశారు.

‘ప్రధానోపాధ్యాయులు గారికి. నాలుగో తరగతి చదువుతున్న మా అబ్బాయిని ఈ బడిలోనే చదివించదలిచాము. మేము టీసీ కోరలేదు. వాడికి చదవడం, రాయడంలో ఇబ్బంది ఉంది, పరీక్షలు చేయిస్తున్నాము. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 16వ సెక్షన్ ప్రకారం నోటి పరీక్ష, అదనపు సమయం, స్పెషల్ ఎడ్యుకేటర్ సహాయం ఇప్పించగలరు. వీలుకాని పక్షంలో కారణం 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు. నకలు: మండల విద్యాశాఖాధికారి గారికి.’