కీమో తరువాత ఊపిరితిత్తిలో ఫంగస్: జ్వరం తగ్గినా సీటీలో మచ్చ పెరిగింది, మందు పనిచేయడం లేదనుకోవాలా?

ప్రశ్న: పల్నాటివాసి

మా నాన్నగారికి 54 సంవత్సరాలు. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలిన తరువాత హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో 7+3 అని పిలిచే మొదటి విడత కీమోథెరపీ ఇచ్చారు. రెండో వారంలో న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు) వంద లోపుకు పడిపోయాయి, 102 డిగ్రీల జ్వరం వచ్చింది. వెంటనే మెరోపెనెం అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. రక్తం కల్చర్లలో ఏ బ్యాక్టీరియా పెరగలేదు. ఎన్ని రోజులైనా జ్వరం దిగకపోవడంతో ఛాతీ సీటీ తీయించారు. కుడి ఊపిరితిత్తిలో ఒక గడ్డలాంటి మచ్చ, దాని చుట్టూ మసక వలయం కనిపించాయనీ, రక్తంలో ఫంగస్ పదార్థాన్ని వెతికే గెలాక్టోమానన్ పరీక్ష కూడా పాజిటివ్ వచ్చిందనీ, ఇది ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ అనీ చెప్పి వోరికొనజోల్ మొదలుపెట్టారు.

ఇప్పుడు జ్వరం లేదు. ఆయాసం లేదు, కొద్దికొద్దిగా అన్నం తింటున్నారు. న్యూట్రోఫిల్స్ 700కు చేరాయి. ఎముక మజ్జ పరీక్షలో బ్లాస్టులు (ముదరని రక్తకణాలు) 5 శాతం లోపే ఉన్నాయని చెప్పారు. కానీ వోరికొనజోల్ మొదలైన వారానికి మళ్ళీ తీసిన సీటీలో ఆ మచ్చ మునుపటికంటే బాగా పెద్దదయింది. డాక్టరుగారు కంగారుపడవద్దని, ఇదే మందు కొనసాగిద్దామని అంటున్నారు. మా బంధువులేమో 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లే ప్రాణాలు కాపాడాయి కాబట్టి వాటికి మార్చమని పట్టుబట్టాలని, లేకపోతే ఆసుపత్రే మార్చాలని ఒత్తిడి చేస్తున్నారు.

మచ్చ పెరగడమంటే మందు విఫలమైనట్టేనా? ముందునుంచీ ఫ్లూకొనజోల్ మాత్రలు ఇస్తూనే ఉన్నారు కదా, అయినా ఫంగస్ ఎలా వచ్చింది? రెండో విడత కీమో ఎప్పుడు ఇవ్వవచ్చు? ఇంకొక విషయం, మా ఇంటి వెనుకే పశువుల కొట్టం, గడ్డివామి ఉన్నాయి. నాన్నగారిని ఇంటికి తీసుకువెళ్ళవచ్చునా?

జవాబు: రక్తవైద్యం, విశాఖ

పల్నాటివాసి గారూ, నేను రక్త వ్యాధుల విభాగంలో పనిచేస్తున్నాను. స్కాను చూడకుండా మీ నాన్నగారి విషయంలో తీర్పు చెప్పడం తగదు గనుక, మీరు రాసిన వివరాలను ఈ జబ్బు సాధారణంగా నడిచే తీరుతో పోల్చి మాత్రమే చెబుతాను. ఆ పోలికలో మీ డాక్టరుగారి మాటే సబబుగా కనిపిస్తోంది.

న్యూట్రోఫిల్స్ లేని రోగి ఊపిరితిత్తిలోకి ఆస్పర్జిల్లస్ చేరినప్పుడు, సరైన మందు సరైన సమయంలో పడినా, మొదటి వారం పది రోజులు సీటీలో మచ్చ పెరుగుతూనే ఉంటుంది. ఫ్రాన్సులోని డిజోన్ వైద్యులు ఇలాంటి రోగులకు వరుసగా సీటీలు తీసి 2001లో ఈ విషయాన్ని స్పష్టంగా చూపించారు. వారి లెక్కలో మొదటి వారంలో మచ్చ పరిమాణం సుమారు నాలుగింతలైంది, రెండో వారంలో నిలకడగా ఉండిపోయింది. అలా పెరిగినవారిలో ఎక్కువమందికి చికిత్స ఫలించింది. మీరు చెప్పిన మసక వలయం తొలి రోజుల్లో దాదాపు అందరిలో కనిపించి, వారానికల్లా చాలామందిలో మాయమైంది. అందుకే జ్వరం తగ్గని రోగికి సీటీ ఆలస్యం చేయకూడదంటాం. మీ ఆసుపత్రి ఆ పని సకాలంలోనే చేసినట్టుంది.

మచ్చ పెరగడానికి ఒక కారణం ఫంగస్ అప్పటికే రక్తనాళాల్లోకి చొరబడి ఆ భాగానికి రక్తం అందకుండా చేయడం. రెండో కారణం మీ నాన్నగారికి నేరుగా వర్తిస్తుంది: ఇన్నాళ్ళూ లేని న్యూట్రోఫిల్స్ ఇప్పుడు తిరిగి వచ్చి ఆ చోటికి చేరుతున్నాయి. సెగగడ్డ మానేముందు ఉబ్బినట్టే ఇక్కడా వాపు పెరుగుతుంది. తరువాతి వారాల్లో మచ్చ మధ్యలో చచ్చిన భాగం విడివడి, నెలవంక ఆకారంలో గాలి నిండిన ఖాళీ కనబడవచ్చు. రిపోర్టులో కేవిటీ అనే మాట చూసి చాలామంది హడలిపోతారు, న్యూట్రోఫిల్స్ కోలుకుంటున్న రోగిలో అది తరచుగా మేలుకే సూచన.

అయితే ఈ దశకు ఒక ప్రమాదం ఉంది. మచ్చ పెద్ద రక్తనాళానికి ఆనుకొని ఉంటే, సరిగ్గా కణాలు పెరుగుతున్న ఈ రోజుల్లోనే దగ్గుతో రక్తం పడవచ్చు. కనుక మచ్చ పల్మనరీ ఆర్టరీ (ఊపిరితిత్తికి రక్తం తెచ్చే పెద్ద నాళం) శాఖకు ఎంత దూరంలో ఉందో, ప్లేట్‌లెట్లు ఎంత ఉండేలా చూస్తున్నారో మీ డాక్టరుగారిని అడగండి. మచ్చ పెద్దదయిందా అన్న ప్రశ్నకంటే ఇది ముఖ్యమైన ప్రశ్న. కఫంలో జీర కనిపించినా రాత్రని చూడకుండా ఆసుపత్రికి చెప్పాలి.

మందు నిజంగా విఫలమవుతోందని అనుమానించవలసిన సందర్భాలు వేరు. తగ్గిన జ్వరం తిరిగి రావడం, ఆక్సిజన్ పడిపోవడం, పాత మచ్చ పెరగడం కాక ఇతర చోట్ల కొత్త మచ్చలు పుట్టడం, గెలాక్టోమానన్ విలువ దిగకుండా ఎక్కుతూ పోవడం, ముఖం ఒకవైపు వాచి నొప్పి పెట్టడం వంటివి కనిపిస్తే అప్పుడు మందు మోతాదు రక్తంలో చూసి, ప్లేట్‌లెట్లు అనుమతిస్తే బ్రాంకోస్కోపీ (సన్నని గొట్టంతో ఊపిరితిత్తి లోపల చూసే పరీక్ష) చేసి, ఇది ఆస్పర్జిల్లస్ కాక మరొకటేమో వెతుకుతారు. అవేవీ లేనప్పుడు, చికిత్స మొదలై కనీసం రెండు వారాలు గడవకముందే సీటీ మళ్ళీ తీస్తే భయం తప్ప సమాచారం పెద్దగా దొరకదు.

ఇక బ్లాక్ ఫంగస్ సంగతి. 2021లో మన రెండు రాష్ట్రాల్లోనూ జనాన్ని వణికించినది మ్యూకర్ జాతి. దానిపై వోరికొనజోల్ పనిచేయదు, ఆంఫోటెరిసిన్ పనిచేస్తుంది, అందుకే ఆ ఇంజెక్షన్ల కోసం అంత పరుగు. ఆస్పర్జిల్లస్‌కు లెక్క తిరగబడుతుంది. 2002లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో పన్నెండు వారాల తరువాత వోరికొనజోల్‌తో మొదలుపెట్టినవారిలో సుమారు 71 శాతం, పాత రకం ఆంఫోటెరిసిన్‌తో మొదలుపెట్టినవారిలో సుమారు 58 శాతం జీవించి ఉన్నారు. పైగా ఆంఫోటెరిసిన్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, పొటాషియం పడగొడుతుంది. కొవ్వు పొరలో చుట్టిన లైపోసోమల్ రకంలో ఆ బాధ తక్కువే గానీ లేకపోలేదు. గెలాక్టోమానన్ పాజిటివ్ వచ్చి, జ్వరం దిగి, మనిషి కోలుకుంటున్నప్పుడు బంధువుల మాట మీద మందు మార్చడం నా దృష్టిలో తొందరపాటు.

ఫ్లూకొనజోల్ క్యాండిడా వంటి ఈస్టులను ఆపుతుంది, ఆస్పర్జిల్లస్ వంటి బూజులమీద దానికి పట్టు లేదు. ఇలాంటి కీమో పొందేవారిలో ముందుజాగ్రత్తగా పోసాకొనజోల్ ఇవ్వడం ఫ్లూకొనజోల్, ఇట్రాకొనజోల్ కంటే మేలని 2007లోనే తేలింది. అది ఖరీదైనది, అన్నిచోట్లా వాడడం లేదు. జరిగినదానికి ఇప్పుడు ఎవరినీ నిలదీయవలసిన పని లేదు గానీ, తరువాతి విడతలకు ఈ మాట గుర్తుంచుకోండి.

జవాబు: మందుల లెక్క

నేను ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తాను. పైవారు మోతాదును రక్తంలో చూడాలన్న మాట ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు, నాకు అదే అసలు విషయంగా తోస్తుంది. వోరికొనజోల్‌ను కాలేయం ఒక్కొక్కరిలో ఒక్కో వేగంతో కరిగిస్తుంది. ఒకే మోతాదు తీసుకున్న ఇద్దరిలో ఒకరి రక్తంలో మందు చాలనంత తక్కువగా, ఇంకొకరి రక్తంలో విషమయ్యేంత ఎక్కువగా ఉండవచ్చు. అందుకే మొదలుపెట్టిన వారం లోపు, తరువాతి డోసుకు ముందు రక్తం తీసి స్థాయి చూస్తారు. సాధారణంగా మిల్లీలీటరుకు 1 నుంచి 5.5 మైక్రోగ్రాముల మధ్య ఉండాలని చూస్తారు. మచ్చ పెరిగిందని ఆందోళన పడుతున్న మీకు ఈ ఒక్క అంకె చాలా అనుమానాలు తీరుస్తుంది, చేయించారో లేదో అడగండి.

మాత్రలకు మారినప్పుడు భోజనానికి గంట ముందుగానీ గంట తరువాతగానీ వేయాలి, అన్నంతో కలిపి వేస్తే ఒంటబట్టేది తగ్గుతుంది. పోసాకొనజోల్ మాత్రలను ఆహారంతో తీసుకోమంటారు గనుక రెండూ వాడినవారు తికమకపడుతుంటారు. మాత్ర వేసుకున్న కాసేపటికి చూపు మసకబారడం, రంగులు వింతగా కనిపించడం మామూలే, కొంతసేపటికి సర్దుకుంటుంది. లేని మనుషులు కనిపిస్తున్నారని అంటే మాత్రం స్థాయి ఎక్కువైందేమో చూడాలి, జబ్బు తలకెక్కిందని ఊహించుకోకండి. కాలేయ పరీక్షలు వరుసగా చేయించాలి, ఎండలో తిరగనివ్వకూడదు.

ఇతర మందులతో దీనికి కయ్యం ఎక్కువ. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ దీని స్థాయిని దాదాపు లేకుండా చేస్తుంది. మన దగ్గర ఊపిరితిత్తిలో మచ్చ అనగానే టీబీ మాత్రలు కూడా పడేద్దామనే సలహా ఎక్కడో ఒకచోట వస్తుంది, రుజువు లేకుండా ఒప్పుకోవద్దు. మైలాయిడ్ లుకేమియాలో వెనెటోక్లాక్స్ అనే క్యాన్సర్ మందు వాడవలసి వస్తే, మామూలుగా రోజుకు 400 మిల్లీగ్రాములు ఇచ్చేదాన్ని వోరికొనజోల్ ఉన్నప్పుడు 100కు తగ్గిస్తారు. లింఫోబ్లాస్టిక్ లుకేమియా పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, విన్‌క్రిస్టీన్ అనే కీమో మందుతో ఈ తరగతి మందులు కలిస్తే నరాలు తీవ్రంగా దెబ్బతింటాయి, పేగుల కదలిక కూడా ఆగిపోవచ్చు. వేరే ఊళ్ళో జ్వరానికి డాక్టరును కలిసినా మొత్తం మందుల చీటీ చూపించండి.

జవాబు: మానేరు

తమ్ముడూ, మా వారు ఇదే జబ్బుతో ఇదే దారిలో నడిచి వచ్చారు కాబట్టి చనువుగా పిలుస్తున్నాను. వైద్యం సంగతి పెద్దలు చెప్పారు, ఇంటి సంగతి నేను చెబుతాను.

కొట్టం పక్కనున్న ఇంటికి ఇప్పుడే తీసుకువెళ్ళవద్దు. తడిసిన గడ్డి, ఎండిన పేడ, మగ్గిన ధాన్యం, రాలి కుళ్ళిన ఆకులు ఈ బూజుకు పుట్టిళ్ళని మా డాక్టరమ్మ చెప్పారు. గడ్డి కదిపినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనబడని దాని బీజాలు ఉంటాయి. మీది పల్నాడు గనుక మిరప కల్లాల దుమ్ము కూడా చేర్చుకోండి. ఆసుపత్రికి దగ్గరలో గది అద్దెకు తీసుకోగలిగితే రెండో విడత అయ్యేవరకు అక్కడే ఉండడం మంచిది. ఆ గదికి ఆనుకొని ఎవరూ గోడలు పగలగొట్టడం, ఇల్లు కట్టడం లేకుండా చూసుకోండి. చెమ్మ పట్టిన గోడ, గదిలో మొక్కల కుండీలు, గడ్డి పరదాల కూలరు వద్దు. బయటికి వెళ్ళేటప్పుడు మాస్కు సరే, కానీ దుమ్ము ఉన్నచోటికి అసలు వెళ్ళకపోవడమే మేలు.

తిండి విషయంలో మేము మొదట అతిగా భయపడి ఆయనను మాడ్చాము. వేడిగా, అప్పుడే వండినది పెట్టడం, పచ్చివి కడిగి తొక్క తీసి ఇవ్వడం, మరిగించి చల్లార్చిన నీళ్ళు ఇవ్వడం చాలునని తరువాత చెప్పారు. అన్నిటికంటే గట్టిగా చెప్పదలచినది ఒకటి. ప్లేట్‌లెట్లు తక్కువని తెలియగానే ప్రతివాళ్ళూ బొప్పాయి ఆకు రసం తెస్తారు. ఇక్కడ ప్లేట్‌లెట్లు తగ్గింది మజ్జ తయారుచేయలేక, డెంగీ వల్ల కాదు. కడుపులో పుండ్లున్న మనిషికి పచ్చి ఆకు దంచి పోయడం కొత్త ఇన్‌ఫెక్షన్‌ను పిలవడమే. తెచ్చినవారికి దండం పెట్టి పక్కన పెట్టేయండి.

జ్వరం వస్తే డోలో వేసి చూద్దామనుకోవద్దు. థర్మామీటరు దగ్గర ఉంచుకోండి, 100.4 దాటిందంటే ముందు ఆసుపత్రికి ఫోను, తరువాతే మాత్ర.

పల్నాటివాసి

అందరికీ కృతజ్ఞతలు. మచ్చ రక్తనాళానికి దూరంగానే ఉందని ఈ రోజు చెప్పారు. వోరికొనజోల్ స్థాయికి రక్తం పంపించారు. గది కూడా చూస్తున్నాము. రెండో విడత కీమో గురించి మాత్రం ఇంకా ఎటూ తేలలేదు. మచ్చ పూర్తిగా మానేవరకు ఆగుదామని మా పెదనాన్నగారు, ఆగితే జబ్బు తిరగబెడుతుందేమోనని నేను భయపడుతున్నాము.

జవాబు: రక్తవైద్యం, విశాఖ

మీ భయానికే ఎక్కువ ఆధారం ఉంది. మజ్జలో బ్లాస్టులు 5 శాతం లోపు ఉండడం అంటే కంటికి కనిపించే జబ్బు తగ్గడమే గానీ పోవడం కాదు. తరువాతి విడతలు ఇవ్వకపోతే లుకేమియా తిరిగి రావడం దాదాపు ఖాయం. ఫంగస్ మచ్చేమో సీటీలో పూర్తిగా చెరగడానికి నెలలు పట్టవచ్చు, కొందరిలో ఎప్పటికీ గీతలా మిగిలిపోతుంది. అంతకాలం ఆగలేము.

అందువల్ల మచ్చ మాయమయ్యేవరకు కాకుండా, అది తగ్గడం మొదలై, జ్వరం లేక, ఆక్సిజన్ సరిగా ఉండి, మందు స్థాయి కుదురుకునేవరకు కొద్ది వారాలు ఆగి, వోరికొనజోల్ ఆపకుండానే తరువాతి కీమో ఇస్తాము. ఈ మందును ఎలాగూ కనీసం 6 నుంచి 12 వారాలు వాడాలి, న్యూట్రోఫిల్స్ మళ్ళీ పడిపోయే ప్రతి విడతలోనూ కొనసాగాలి. మోతాదు కొంత తగ్గించిన సైటరబీన్ అనే కీమో మందు ఇవ్వాలా, ఒకటే పెద్ద మచ్చ గనుక శస్త్రచికిత్సతో తీయించాలా అన్నవి రెండు వారాల తరువాతి సీటీ చూసి మీ డాక్టరుగారు, ఛాతీ వైద్యులు కలిసి నిర్ణయించవలసినవి. జన్యు పరీక్షల ఫలితాన్నిబట్టి మజ్జ మార్పిడి అవసరమని తేలినా, అదుపులో ఉన్న ఆస్పర్జిల్లస్ దానికి అడ్డుగోడ కాదు. పెదనాన్నగారిని కూడా ఈసారి డాక్టరుగారి గదిలోకి వెంట తీసుకువెళ్ళండి, రెండు సీటీలనూ పక్కపక్కన పెట్టి చూపించమని అడగండి.