మావోడు ట్రైనింగ్ సెంటర్ నుంచి ఏడుస్తూ ఫోన్ చేశాడు. గేటు దాకా వెళ్లాలా, వద్దా?

టెక్కలి నాన్న
మా అబ్బాయి ఆర్మీలో అగ్నివీర్‌గా (నాలుగేళ్ల ఉద్యోగం) సెలెక్టయి మహారాష్ట్రలో ఒక సెంటర్‌లో ట్రైనింగ్‌లో ఉన్నాడు. తొమ్మిదో వారం నడుస్తోంది. ఫోన్ ఆదివారం మాత్రమే చేతికిస్తారు. మొన్న చేసి "నాన్నా, నన్ను తీసుకెళ్లిపో" అన్నాడు. కుడికాలికి మోకాలి కింద ఎముక నొప్పట. రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నాడట. "మగాడివి కాదా, అందరూ చేయట్లేదా" అని ఫోన్ పెట్టేశాను. అప్పట్నుంచి మా ఆవిడ సరిగ్గా అన్నం తినడం లేదు. రైలెక్కి గేటు దగ్గరికి వెళ్దామంటోంది. నేను వద్దంటున్నాను. ట్రైనింగ్ చేసినవాళ్లు, పిల్లల్ని పంపినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ హవల్దార్
వెళ్లొద్దు. వెళ్లినా లోపలికి పంపరు. ఆ సంగతి బ్యారక్‌లో తెలిస్తే ట్రైనింగ్ అయ్యేదాకా తోటి పిల్లలు "మమ్మీ వచ్చిందిరా" అని ఆడిస్తారు. నేను 1986లో గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో చేశాను. ఫోన్లా పాడా. ట్రైనింగ్ మొత్తంలో మా నాన్న రాసింది ఒకే ఒక్క ఇన్‌లాండ్ లెటర్. అందులో ఉన్నది, గేదె ఈనింది, పెయ్యదూడ పుట్టింది అని. ఎలా ఉన్నావని ఒక్క ముక్క లేదు. బతికి బట్టకట్టలేదా? ఇప్పుడు 31 వారాలు. మొదటి 10 బేసిక్, తర్వాత 21 అడ్వాన్స్. బేసిక్‌లో అందరూ ఏడుస్తారు. రెండు జతల సాక్సులు మార్చి మార్చి వేసుకోమనండి, వేళ్ల మధ్య తడి లేకుండా పౌడర్ వేసుకోమనండి.

ఒంగోలు పద్మ
గేటు సంగతి తర్వాత. వారంలో ఏడు రోజులుంటే ఆ పిల్లాడికి దొరికేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో మీరు ఫోన్ పెట్టేశారు. ఎలా మనసొప్పిందండీ?

ఆవకాయ బాబాయ్
ఒక కేజీ మాగాయ పార్సిల్ చేయండి. సగం ఏడుపు ఆగిపోతుంది.

రిటైర్డ్ హవల్దార్
పద్మమ్మా, ఫోన్ పెట్టేయడంలో తప్పేముంది? ఇటు తల్లి, అటు కొడుకు గంటసేపు ఏడిస్తే ఆ రాత్రి వాడికి నిద్రుండదు. తెల్లారి నాలుగింటికి లేచి ఫాలిన్‌లో, అంటే వరుసలో, నిలబడాల్సింది వాడు, మీరు కాదు.

ఒంగోలు పద్మ
గంటసేపు ఏడవమని ఎవరన్నారు? విని పెట్టేయొచ్చు కదా అంటున్నాను. మా వాడూ ఇలాగే వెళ్లాడు, మధ్యలో వచ్చేశాడు. ఆయన రెండేళ్లు వాడితో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో, ఒకే పళ్లెంలోంచి చట్నీ వడ్డించుకుంటూ. "ఉప్పు ఇమ్మను" అని నాతో చెప్పించేవారు. వాడికి ఇరవయ్యేళ్లు. ఆ రెండేళ్లు ఎవరు తిరిగిస్తారు?

కరీంనగర్ రన్నర్
అంకుల్, 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొట్టడానికి నేను రెండేళ్లుగా పొద్దున్నే గ్రౌండ్‌కి పోతున్న. రెండుసార్లు ఆర్మీ భర్తీ ర్యాలీల పోయింది. ఆ సీటు నాకిప్పించుండ్రి, నేనైతే ఏడ్వ. నెలకు 30 వేలు చేతికొస్తది.

లెక్కల మాస్టారు
చేతికి 30 వేలు రావు. మొదటి ఏడాది ప్యాకేజీ 30,000. అందులో 30 శాతం సేవానిధికి, అంటే నాలుగేళ్ల చివర ఒకేసారి ఇచ్చే నిధికి పోతుంది, చేతికి 21,000. నాలుగో ఏడాదికి 40,000, చేతికి 28,000. సేవానిధికి ప్రభుత్వమూ అంతే కలుపుతుంది. నాలుగేళ్లకు వడ్డీతో సుమారు 11.71 లక్షలు. మధ్యలో తనంతట తాను మానేస్తే తన వాటా, దాని వడ్డీ మాత్రమే. పైగా కుర్రాడు వస్తానంటే పంపేయరు. చాలా ప్రత్యేకమైన కారణముండి, పై అధికారి ఒప్పుకుంటేనే.

మందుల షాపు
ఫోను, గేటు, జీతం. అందరూ ఆ కాలిని మర్చిపోయారు. మోకాలి కింద ఎముక మీద ఒక చోట వేలు పెడితే ప్రాణం పోయినట్టుంటోందా, పడుకున్నా నొప్పేనా, కనుక్కోండి. రోజూ బూట్లతో పరిగెత్తే కుర్రాళ్లలో ఎముకకు సన్న పగులు రావడం మామూలే. మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. ఓర్చుకుని పరిగెడితే పెద్దదవుతుంది. ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్‌కి చెప్పి ఎం.ఐ. రూమ్‌కి, అంటే అక్కడి డాక్టర్ దగ్గరికి వెళ్లమనండి.

రిటైర్డ్ హవల్దార్
ఎం.ఐ. రూమ్‌కి పదేపదే వెళ్తే రెలిగేట్ చేస్తారు. అంటే వెనక బ్యాచ్‌లో కలిపేస్తారు, తోటివాళ్లు ముందు పాసవుటైపోతారు. అది చిన్న సంగతి కాదు. చిన్న నొప్పులు ఓర్చుకోవాలి. మేం ఓర్చుకోలేదా?

ఒంగోలు పద్మ
మీరు ఓర్చుకుంటే పదిహేనేళ్లు దాటాక పెన్షన్ వచ్చింది, హవల్దార్ గారూ. ఈ పిల్లలకు నాలుగేళ్లు. అందులో పాతిక శాతం మందినే ఉంచుతారు. నలుగురిలో ముగ్గురు ఇంటికే. మీ ఓర్పూ వాళ్ల ఓర్పూ ఒకటెలా అవుతాయి?

రిటైర్డ్ హవల్దార్
నా పెన్షన్ మీద మీ కన్నెందుకు? ఊరికే ఇచ్చారా? సియాచిన్‌లో కూర్చుని తెచ్చుకున్నాను. ఒక చలికాలం మొత్తం టిన్ను కూరలు తిన్నాను.

ఒంగోలు పద్మ
మీ పెన్షన్ నాకెందుకండీ. టెక్కలి ఆయన్నే అడుగుతున్నాను. ఆర్మీకి వెళ్తానన్నది అబ్బాయా, మీరా?

టెక్కలి నాన్న
అమ్మా, నేనడిగింది గేటుకి వెళ్లాలా వద్దా అని. నా ఇంటి పంచాయతీ పెట్టమనలేదు. వాడి కోచింగ్‌కి అప్పు చేసి డబ్బు కట్టాను. రోజూ నాలుగున్నరకి లేపి, సైకిల్ మీద వెనకే వెళ్లి నేనే స్టాప్‌వాచ్ పట్టుకున్నాను. ఏ తండ్రి చేస్తాడు? చేసినందుకు ఇదా మాట?

కరీంనగర్ రన్నర్
మా నాయిన ఎన్నడూ గ్రౌండ్ మొఖం జూడలే. మీవోడు అదృష్టవంతుడే అంకుల్.

ఒంగోలు పద్మ
ఏం చేశారని అడగలేదు. వాడు అడిగాడా అన్నాను.

టెక్కలి నాన్న
రాత్రి నిద్ర పట్టక మళ్లీ రాస్తున్నాను. 1994లో నేను ర్యాలీకి వెళ్లాను. పరుగులో ముందే ఉన్నాను. ఛాతీ దగ్గర పోయింది. 77 సెంటీమీటర్లుండాలి, గాలి పీలిస్తే 5 పెరగాలి. నాకు 4 దగ్గర ఆగింది. టేపు పట్టుకున్నాయన మళ్లీ పీల్చమన్నాడు, మూడుసార్లు. 4 దాటలేదు. ఆ టేపు ఇప్పటికీ కళ్ల ముందుంటుంది. వాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేస్తానన్నాడు. ముందు ఇది చూడమన్నాను. వద్దనలేదు. అలాగని వెళ్తానని కూడా అనలేదు.

రిటైర్డ్ హవల్దార్
ఛాతీ సంగతి వేరు, గేటు సంగతి వేరు. గేటుకి మాత్రం వెళ్లొద్దు.

ఒంగోలు పద్మ
మీకో దండం.

మందుల షాపు
కాలి సంగతి అడగండి సార్, దయచేసి.

టెక్కలి నాన్న
ఆదివారం ఫోన్ వచ్చింది. ఈసారి మా ఆవిడ చేతికిచ్చి నేను వీధి అరుగు మీద కూర్చున్నాను. వాడు ఉస్తాద్‌కి చెప్పి ఎం.ఐ. రూమ్‌కి వెళ్లాడట. మూడు వారాలు పరుగు, డ్రిల్ బంద్. బహుశా వెనక బ్యాచ్‌కి మారుస్తారు. "నాన్నకి చెప్పకు" అన్నాడట. అది విన్న దగ్గర్నుంచి నాకు ఎలాగో ఉంది. గేటుకి వెళ్లడం లేదు. వచ్చే ఆదివారం నేను మాట్లాడతాను. ఐటీఐ మాట అడగాలనుంది, నోరు వస్తుందో లేదో.

ఆవకాయ బాబాయ్
మాగాయ పంపారా?

లెక్కల మాస్టారు
కరీంనగర్ తమ్ముడూ, ఆ ఐదున్నర నిమిషాలు పూర్తి 60 మార్కులకు. మిగతా 40 మార్కులు 10 పుల్ అప్స్‌కి. వాటి మీద కూడా దృష్టి పెట్టు.